సముద్రం పడమా, గుర్రం పడమా

మా నాయన చెయ్యి చాపి రెండు వేళ్ళు చూపించాడంటే ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపేసేవాళ్ళం. చూపుడు వేలు ఒక సినిమా, నడిమి వేలు ఇంకో సినిమా. ఏది ఏదో ముందే చెప్పేవాడు. ఎదుటి మనిషి నోరు మెదపకుండా ఒక వేలు ముట్టుకోవాలి. ముట్టుకోని వేలు మడిచేసేవాడు. ఇక ఆ వారమంతా ఆ సినిమా పాట ఇంట్లో ఎవరూ పాడకూడదు, దాని ఊసే ఎత్తకూడదు. నాది చిన్నప్పటి నుంచీ మొండి బుద్ధి. మడిచిన వేలి పాటే కావాలని వంటింట్లో కూనిరాగం తీసేదాన్ని. అమ్మ చేతిలో వీపు మీద ఒకటి పడేది.

ఆ ఆట మిల్లులో పుట్టింది. నాయన కోయంబత్తూరులో ఒక మిల్లులో స్పిన్నింగు పని చేసేవాడు. అక్కడి మిషన్ల మోతలో పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని వాళ్ళు పెదాలు చూసి మాట పట్టుకునేవాళ్ళు, వేళ్ళతో కబుర్లాడుకునేవాళ్ళు. ఒకడు ఈ చివర నిలబడి రెండు సినిమాల పేర్లు పెదాలతో అని రెండు వేళ్ళు ఎత్తితే, ఆ చివర ఉన్నవాడు ఒక వేలు ఎత్తి చూపేవాడు. దారం తెగితే అతికేది ఒక చేత్తో, ఓటు వేసేది ఇంకో చేత్తో. షిఫ్టు ముగిసి సంగు కూసే లోపల ఒక సినిమా గెలిచేది, ఒకటి ఓడేది. సంగు అంటే మా ఊళ్ళో మిల్లు కూత. దాన్ని బట్టే పొద్దు పొడిచేది, దాన్ని బట్టే ఉలవ చారు పొయ్యి ఎక్కేది.

సినిమాని మేము పడం అంటాం. అరవం మాట. మా మాటల్లో సగం అలాంటివే. మా వాళ్ళు ఎప్పుడు ఈ దేశం వచ్చారో, ఎందుకు వచ్చారో మా వీధిలో ఎవరికీ తెలీదు. కుళాయి దగ్గర అరవం, అంగట్లో అరవం, బడిలో అరవం, మిల్లులో అరవం. గడప దాటి లోపల కాలు పెడితే తెలుగు. చెప్పులతో పాటు అరవాన్ని కూడా వాకిట్లో విప్పేసి వచ్చేవాళ్ళం. చదువంతా అరవంలోనే కాబట్టి తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయిన తరవాత గానీ పట్టుబడలేదు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, వయసంతా మిల్లులో రీలింగు సెక్షన్లో నూలు చుట్టింది. ఆమె మానేసిన కొన్నాళ్ళకి అదే సెక్షన్లో నేను చేరాను. మిల్లు మానేసినా మిల్లు విద్య ఆమెని వదల్లేదు. వీధి ఆ చివర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఇక్కడ అరుగు మీద కూర్చుని వాళ్ళ పెదాలు చూసి మొత్తం కథ చెప్పేసేది. ఆమె ఎదురుగా గుసగుసలాడుకున్నా లాభం లేదు. నా పెళ్ళి మాటలు నాకంటే ముందు ఆమెకే తెలిసేవి, అవి ఎక్కడ చెడిపోయాయో కూడా.

ఆ ఇంట్లో ఎన్ని సినిమాలు వేళ్ళెక్కి దిగాయో లెక్కలేదు. చివరికి అన్నీ మడత పడి రెండే మిగిలాయి. వాటి అసలు పేర్లు మేమెవరం వాడేవాళ్ళం కాదు. ఒకటి సముద్రం పడం, ఒకటి గుర్రం పడం.

సముద్రం పడం ఊరందరిదీ. అరవం పడం, రంగుల పడం, పెద్ద టాకీసులో నెలల తరబడి ఆడింది. అందులో అమ్మవారు పూలమ్మే ముసలిదై వస్తుంది. రాజు కోట తలుపు తియ్యకపోతే వెనక్కి తిరిగి సముద్రం వైపు నడుస్తుంది. నీళ్ళు రెండుగా చీలి గోడల్లా లేచి నిలబడతాయి. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని మధ్యలో నడిచిపోతుంటే, ఒక్కో అడుగుకీ ముసలి చర్మం పోయి బంగారు మేను వస్తుంది. హాల్లో ఆడవాళ్ళు కర్పూరం వెలిగించేవాళ్ళు. పొల్లాచ్చి నుంచి బస్సుల్లో వచ్చి తెర ముందు టెంకాయ కొట్టినవాళ్ళు ఉన్నారు. సముద్రాన్ని ఎన్నడూ చూడని మనుషులం మేము. ఆ నీళ్ళు లేచినప్పుడు నాకు కాళ్ళు చల్లబడేవి. తడిసిపోతామేమోనని పావడా పైకి లాక్కున్నాను ఒకసారి.

గుర్రం పడం మా ఒక్క వీధిదే. నలుపు తెలుపు, అక్కడక్కడ గీతలు. అది పెద్ద టాకీసుకి రాలేదు. ఊరి చివర టెంటు కొట్టాయిలో ఒక్క వారం వేశారు, ఇసకలో కూర్చుని చూడాలి. ఏదో తెలుగు పడమట అని ఎవరో అంటే, తెలుగులో పడమేమిటని మా వీధంతా నవ్వింది. వంటింట్లో మాట్లాడుకునే మాట తెర మీదికి ఎలా ఎక్కుతుంది? సరే చూద్దామని వెళ్ళాం.

రాజ్యం పోగొట్టుకున్న రాకుమారుడు మారువేషంలో శత్రువు లాయంలో గుర్రాలు కాస్తుంటాడు. ఎవరికీ లొంగని గుర్రం ఒకటి ఉంటుంది. అతను దాని మెడ మీద చెయ్యి వేసి నోరు తెరిచాడు. అంతదాకా వేరుశనక్కాయలు ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. మా ఇంట్లో, మా అమ్మ మమ్మల్ని తిట్టే మాటలు, మా అవ్వ లాలిపాడే మాటలు, అంత పెద్ద మొహం మీద నుంచి వస్తున్నాయి. పైగా గుర్రం తల ఊపింది. దానికి అర్థమైంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పటికీ అది ఎందుకో పూర్తిగా చెప్పలేను.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "ఈ పిల్లోడు ఎవురింటి పిల్లోడే?" అంది.

"పడంలో నటించేవాడు అవ్వా."

"అది నాకు తెల్దా? మన మాట మాట్లాడతా ఉండాడే. ఆండిపట్టి పక్కమా, పొల్లాచ్చి పక్కమా అని అడుగుతా ఉండా."

నవ్వొచ్చే మాటే. కానీ ఆ రోజు నేను నవ్వలేదు. అవ్వ లెక్కలో తెలుగు మాట్లాడేవాళ్ళంటే పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు. తెలుగు అనేది మా పది ఊళ్ళలో, మా చుట్టాల ఇళ్ళల్లో ఉండే వస్తువు. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చినా వాళ్ళ అమ్మమ్మది ఏ వీధో అడిగితే సరిపోతుంది. ఇంటర్వెల్లో మా వీధి ఆడవాళ్ళంతా తలలు దగ్గర పెట్టి ఆ ముక్కు ఎవరి ముక్కో తేల్చారు. వారం ముగిసే సరికి అతను ఆండిపట్టి పత్తి వ్యాపారుల మేనల్లుడని స్థిరపడిపోయాడు. చెల్లెలికి సంబంధం చూడాలని ఒకావిడ నిజంగానే కబురు పంపబోయింది.

ఆదివారం తలంటు అయ్యాక నాయన రెండు వేళ్ళు ఎత్తేవాడు. ఆయనది ఎప్పుడూ సముద్రమే. "ఊరు ఊరే మొక్కిన పడం. మీ గుర్రాన్ని ఎవుడు చూసినాడు, మన నాలుగు ఇండ్లు తప్ప?" అనేవాడు. నాది గుర్రం. ఎవరూ చూడలేదు కాబట్టే నాది. అవ్వ మాత్రం ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి ముట్టేది. గట్టిగా నిలదీస్తే, "రెండు కండ్లలో ఏది కావాలని అడిగితే ఏం చెప్పేది సామీ?" అనేది.

ఆమె అలా అంటూండగానే ఒక కన్ను పోయింది. పొర కమ్మింది, నాటు మందు వేశారు, అది చెడింది. కొన్నేళ్ళకి రెండో కంట్లోనూ పొర వచ్చింది. మొదట మాకు అర్థం కాలేదు. ఇంట్లో గుసగుసలు సాగుతున్నాయని సంతోషించాం కూడా. అవ్వ మా పెదాలు చదవడం మానేసిందని నాకు ఒక రోజు హఠాత్తుగా తట్టింది. అరుగు మీద కూర్చుని వీధి ఆ చివరికి అలాగే చూసేది, ఏమీ చెప్పేది కాదు.

మదురైలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని నాయన నిశ్చయించాడు. అవ్వకి భయం. పక్క వీధి ముసలావిడ ఒకామె ఎక్కడో కంటికి కోత చేయించుకుని చీకటితో తిరిగి వచ్చింది. మా అవ్వకి ఉన్నది ఆ ఒక్క కన్నే. అది కూడా పోతే ఇక ఏమీ లేదు. వద్దని అనలేదు గానీ, "పోయేదానికి ముందర ఒక పడం చూపించండి" అని అడిగింది. ఆమె మా నాయనని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మేము మదురై బయల్దేరేది సోమవారం. ఏం విచిత్రమో, ఆ ముందు ఆదివారం పెద్ద టాకీసులో సముద్రం పడం మళ్ళీ వేశారు, కొట్టాయిలో పొద్దుటి ఆట గుర్రం పడం. రెండూ చూడొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అప్పటికి ఆమె కన్ను తెర వెలుతురుని ఎంతోసేపు ఓర్చుకోలేకపోయేది. ఒక పడం చూస్తే నీళ్ళు కారి, తల పట్టుకుని పడుకునేది. కాబట్టి ఒకటే.

నాయన అవ్వ ఎదుట గొంతుక్కూర్చుని రెండు వేళ్ళు ఎత్తాడు. ఎప్పుడూ అల్లరిగా ఎత్తేవాడు. ఆ రోజు మెల్లిగా ఎత్తాడు. మా వీధి ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. అందరిదీ ఒకటే నమ్మకం, గుర్రమేనని. నేనైతే కొట్టాయికి వెళ్ళడానికి జడ కూడా వేసుకున్నాను.

అవ్వ చెయ్యి తడుముతూ వచ్చి చూపుడు వేలు పట్టుకుంది. సముద్రం.

నాకు కోపం వచ్చింది. అరిచాననే చెప్పాలి. మన మాట పడం వదిలేసి ఊళ్ళోవాళ్ళ పడం ఎందుకన్నాను.

"గుర్రం పడం చెవికి చాలునే," అంది అవ్వ. "కన్ను పోతే నాకు అది ఉంటాది, నువ్వు చెప్తావు, నేను వింటా. ఆ సముద్రాన్ని ఎవురు చెప్తారు నాకు? కన్ను ఉండేప్పుడే చూసుకోవాల కద."

నేను జడ విప్పేశాను.

ఆ ఆదివారం పెద్ద టాకీసులో అవ్వని ముందు వరసలో కూర్చోబెట్టాం. నీళ్ళు చీలినప్పుడు నేను తెర వైపు చూడలేదు, ఆమె మొహం వైపే చూశాను. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఏడుపు వల్లో వెలుతురు వల్లో తెలీదు. ఆమె మాత్రం రెప్ప వెయ్యలేదు. తెర మీది నీలం ఆమె బుగ్గల మీద కదిలింది. ఒక మనిషి ఒక దాన్ని అలా చూడటం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. మొక్కాలనిపించింది, అమ్మవారికి కాదు, మా అవ్వకి.

మర్నాడు పళని మీదుగా బస్సులో మదురై చేరాం. నేను మిల్లులో సెలవు పెట్టి ఆమెతో ఉండిపోయాను. నాయన మమ్మల్ని దిగబెట్టి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. కోత అయ్యింది. ఆ రోజుల్లో కోత తరవాత కట్టు విప్పేదాకా తల కదలకూడదు. రెండు కళ్ళకీ కట్టేసి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. దగ్గకూడదు, ఏడవకూడదు, నవ్వకూడదు. చూపు వచ్చిందో లేదో కట్టు విప్పితే గానీ డాక్టరుకి కూడా తెలీదు.

"చెప్పు," అంది అవ్వ. ఏది చెప్పాలో నేను అడగలేదు.

గుర్రం పడం మొదటి నుంచి చెప్పాను. నాకు గొంతులు మార్చడం చేతనవును కాబట్టి రాజుకి ఒక గొంతు, గుర్రపువాడికి ఒక గొంతు పెట్టాను. లాయం ఘట్టం దగ్గర, "నా మాట నువ్వు ఇన్నేవంటే నిన్ను కట్టేదానికి ఈ ఊర్లో తాడే లేదు" అన్నాను.

పక్క మంచం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "అట్లా కాదమ్మాయ్," అంది ఒక ఆడగొంతు. "నా మాట విన్నావంటే, నిన్ను కట్టేసే తాడు ఈ రాజ్యంలోనే లేదు. అట్లాగదా."

అచ్చం తెర మీద విన్నట్టే ఉంది. అవ్వ చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది.

"ఎవురది? ఆ పడంలో పిల్లా?" అంది.

ఆ అమ్మాయి మళ్ళీ నవ్వింది. నా వయసే ఉంటుంది. వాళ్ళ అత్తగారికి కోత చేయిస్తే తోడు వచ్చింది. "పడం గిడం కాదు పెద్దమ్మా, మాది నెల్లూరు దగ్గర పల్లె. ఆ సినిమా మా ఊళ్ళో వంద రోజులాడింది."

అవ్వ కాసేపు లెక్కలు వేసుకుంది. "నెల్లూరంటే పళనికి అవతలా, ఇవతలా?"

"పళని ఎక్కడో నాకు తెలీదు పెద్దమ్మా. మాది చాలా దూరం. మద్రాసు దాటి పోవాల."

"అంత దూరంలో మనవాండ్లు ఎన్ని ఇండ్లు ఉండారు?"

ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాను, తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని అని అడుగుతోందని. ఆమె కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసి, "అందరూ తెలుగేగదా," అంది.

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ, పెద్దమ్మా."

అప్పుడు మొదలుపెట్టింది మా అవ్వ. కట్టు కింద కళ్ళు, కదలని తల, నోరొక్కటే ఆడుతోంది. "బస్సులో టికెట్టిచ్చేవాడూ?" తెలుగే. "అంగట్లో?" తెలుగే. "పోలీసు?" తెలుగులోనే తిడతాడు పెద్దమ్మా. "బడిలో అయివారు?" తెలుగే. "కోర్టులో జడ్జీ?" ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి, ఆయన సంగతి తెలీదంది. "అడుక్కునేవాడూ?" తెలుగే. "కొత్త మనిషి ఎదురుపడితే? ఎవురో తెలీని మనిషి?"

"తెలుగులోనే పలకరిస్తాం. ఇంకెట్లా పలకరిస్తాం?"

అవ్వ దుప్పటి అంచుని నూలు చుట్టినట్టు వేలికి చుట్టుకుంది. తరవాత మెల్లిగా, "అట్లయితే గుర్రాలు కూడానే," అంది.

అందరం నవ్వాం. అవ్వ నవ్వితే కుట్లు తెగుతాయని నర్సు వచ్చి అరవంలో గద్దించింది. నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఆంధ్రదేశం ఉందని నాకు తెలుసు, బడిలో గోడ మీద పటంలో చూశాను. అయినా అక్కడ ఒక బస్సు ఉంటుందని, దానిలో ముక్కూ మొహం తెలీని వాడొకడు మా అమ్మ మాటలతో టికెట్టు అడుగుతాడని నాకు ఏనాడూ తోచలేదు. వాకిట్లో ఏ భాషనీ విప్పక్కర్లేని మనుషులు. తల తిరిగినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది, ఎందుకొచ్చిందని అడిగితే ఏం చెప్పేదాన్నో.

కట్టు విప్పేదాకా అవ్వకి భయం వెయ్యలేదంటే ఆ అమ్మాయి వల్లే. పొద్దున లేస్తే ఆమెని మాట్లాడించేది. మీ ఊళ్ళో వాన వస్తే ఏమంటారు, పాలు పొంగితే ఏమంటారు, పిల్లోడు పడిపోతే ఏమంటారు. కొన్ని మా మాటలే. కొన్ని మేము ఎప్పుడో పోగొట్టుకున్నవి, అవ్వ వాళ్ళవ్వ అనేదట. అలాంటి మాట తగిలినప్పుడు అవ్వ "మళ్ళీ చెప్పు" అనేది. మూడోసారి కూడా చెప్పించుకునేది. ఆ అమ్మాయి విసుక్కోలేదు.

వాళ్ళ అత్తగారి కట్టు ముందు విప్పారు. వాళ్ళ రైలు మాకంటే ఒక రోజు ముందు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి అవ్వ పక్కన కూర్చుని, అవ్వ చెయ్యి తీసుకుని తన మొహం మీద పెట్టుకుంది. "చూసుకో పెద్దమ్మా," అంది. అవ్వ వేళ్ళు నుదురు మీద, ముక్కుపుడక మీద, పెదాల మీద నడిచాయి. పెదాల దగ్గర ఆగాయి. "ఏమన్నా చెప్పు సామీ," అంది. ఆ అమ్మాయి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు, మెల్లిగా చెప్పింది. అవ్వ వేళ్ళతో చదువుకుంది.

మర్నాడు డాక్టరు కట్టు విప్పాడు. అవ్వ కన్ను తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ముందు కిటికీ చూసింది, తరవాత డాక్టరు మొహం, తరవాత నన్ను. "ఏంటే అంత నల్లబడినావు?" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే తల పక్కకి తిప్పింది. పక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది, ఎవరూ లేరు. ఆ ఖాళీ మంచాన్ని ఆమె చూసినంతసేపు మా ఎవరి మొహమూ చూడలేదు.

ఇంటికి వచ్చాక వీధంతా వచ్చి పలకరించింది. నెల్లూరు దగ్గర అందరూ తెలుగేనట అని అవ్వ చెబితే కొందరు నమ్మారు, కొందరు కోత వల్ల తల తిరిగి అలా అంటోందనుకున్నారు. లావుపాటి కళ్ళద్దాలతో ఆమె మళ్ళీ అరుగు మీదికి చేరింది. నెల తిరక్కుండా మా గుసగుసలన్నీ బయట పడిపోయాయి.

ఒక ఆదివారం తలంటు అయ్యాక నాయన ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపాడు. "సముద్రమా, గుర్రమా? ఇప్పుడు కన్ను ఉండాదే, సాకు చెప్పేదానికి లేదు," అన్నాడు. మొహమంతా నవ్వు.

అవ్వ ఆ రెండు వేళ్ళని చూసింది. చూపుడు వేలు మడిచింది. నడిమి వేలు కూడా మడిచింది. ఆ ఆటలో ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యని పని అది. తరవాత లోపల ముడుచుకుని ఉన్న నాయన బొటనవేలు పట్టుకుని మెల్లిగా పైకి లేపింది.

"ఇది ఏ పడమమ్మా?" అన్నాడు నాయన.

"నేను చూడని పడం," అంది అవ్వ. "పక్క మంచం పిల్ల."